అప్పలకొండ మేటు కాపలా కాసిన పార్కు

పార్కు గేటుకు నోటీసు అంటించారన్న కబురు వచ్చేసరికి అప్పలకొండ నోట్లో వేపపుల్ల ఉంది. కబురు తెచ్చింది మనవరాలు ప్రణీత. హిందీ మాట్లాడే ఊళ్ళో పుట్టి పెరిగిన పద్నాలుగేళ్ళ పిల్ల. దాని మాట హిందీలో బయలుదేరి తెలుగులో దిగుతుంది.

"తాతా, అప్నా పార్క్ తీసేస్తారంట. గేటుకి కాగితం అంటించీసినారు. పార్కింగ్ బనేగా, ఐసా లిఖా హై."

"ఎవుడే చెప్పినోడు? మన పార్కు తియ్యడవేటి?" అన్నాడు అప్పలకొండ. అని, వేపపుల్ల పారేసి నవ్వాడు కూడా.

నవ్వడా మరి. రైల్వే కాలనీ గోడకు అవతల ఉన్న ఆ ముప్పాతిక ఎకరం పార్కు నగర నిగమ్‌ది, అంటే ఆ ఊరి మున్సిపాలిటీది. రెండేళ్ళ క్రితం నిగమ్ వాళ్ళు వార్డుకో పార్కు కమిటీ వేసినప్పుడు, రైలు లైను మీద ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి, పట్టాలు బాగుచేసే ముఠాకు గ్యాంగుమేటుగా రిటైరైన అప్పలకొండను దానికి పెద్దను చేశారు. ఆ రోజునుంచి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. రెండు పూటలా ఆడవాళ్ళ కసరత్తులు, మధ్యాహ్నం మొదలు పొద్దుగూకేదాకా ముసలాళ్ళ క్యారమ్స్, సాయంత్రం ఆడపిల్లల ఖోఖో. ఖోఖో నేర్పడానికి జిల్లా ఆటల శాఖ వాళ్ళు వారానికి మూడు రోజులు కోచ్‌ని పంపుతారు. అందులోంచే ప్రణీత జిల్లా జట్టుకు ఎంపికైంది. "ఈ పార్కు గనక సరే, గోడ పక్కనే ఉంది. ఆ మగపిల్లల గ్రౌండుకైతే నా కూతుర్ని పంపేదే లేదు" అని దాని తల్లి ముందే తెగేసి చెప్పింది. అంచేత పార్కు ఉంటే ప్రణీతకు ఆట ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మధ్యే మార్గం లేదు.

లుంగీ మీదే గేటు దాకా వెళ్ళాడు అప్పలకొండ. హిందీ అక్షరాల కింద వేలు పెట్టి చదివాడు. ఏడాదిలో మూడుసార్లు తనిఖీ చేశామనీ, మూడుసార్లూ ఒక్క మనిషి కూడా కనిపించలేదనీ, ఆటలు గానీ కార్యక్రమాలు గానీ జరుగుతున్న జాడే లేదనీ, కాబట్టి ఈ ఉద్యానం ఎవరికీ ఉపయోగపడటం లేదని తేల్చి బళ్ళ పార్కింగుకు ఇవ్వదలిచామనీ రాసి ఉంది. అభ్యంతరాలకు వారం రోజుల గడువు.

రెండోసారి చదివాడు. మూడోసారీ చదివాడు.

"ఒక్క మనిషి లేడంటాడా? కళ్ళు దొబ్బినాయేటి ఆళ్ళకి?" అన్నాడు. ఒళ్ళంతా మండిపోయింది ఆయనకు. ఎవడో మధ్యలో తినేసి దొంగ రిపోర్టు రాసుంటాడు, ఇంకేముంది. ఆఫీసుకు పోయి ఆ రాసినవాడి చెయ్యి పట్టుకు లాక్కొచ్చి చూపించాలనుకున్నాడు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ప్రణీతను వెంటేసుకుని నిగమ్ ఆఫీసుకు వెళ్ళాడు. పార్కులన్నీ చూసే అధికారి దేవాంగన్ మేడమ్. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెత్తని మనిషి. ఈయన్ని చూడగానే లేచి మరీ కుర్చీ చూపించింది. అప్పలకొండ కూర్చోలేదు. ఆఫీసరు ముందు కూర్చోవడం ఆయన పుట్టి ఎరగడు. కోపమంతా గోడవైపు చూస్తూ, నిలబడే, హిందీలో చెప్పాడు.

మేడమ్ ఓపిగ్గా విన్నది. విని, కంప్యూటరు తెర ఇటు తిప్పింది.

"దాదాజీ, మూడుసార్లూ నేనే వచ్చాను. ఫోటోలు నేనే తీశాను. శుభ్రతకు ఊళ్ళో మీ పార్కుకే పదికి పది వేశాను. కానీ మనుషులేరి?"

అప్పలకొండ తెర వైపు వంగాడు. మొదటి ఫోటోలో నడకదారికి రెండువైపులా తెల్లటి సున్నం గీతలు. ఎండుటాకు అన్నది లేదు. ఉయ్యాలలు ఊగకుండా గొలుసులు పైకెత్తి తాడుతో కట్టేసి ఉన్నాయి. క్యారమ్ బల్లలు లేవు. రెండో ఫోటో అంతే. మూడోదీ అంతే. మూడింటిలోనూ గేటు పక్కన, మెడ దాకా గుండీలు పెట్టుకుని, సెల్యూట్ కొడుతూ అప్పలకొండ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

మనుషులు ఎక్కడున్నారో ఆయనకు తెలుసు.

ఎందుకంటారా, ఆ పార్కును ఖాళీ చేయించింది ఆయనే. మూడుసార్లూ ఆయనే. ముందురోజు నిగమ్ నుంచి ఫోను రాగానే కాలనీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. రేపు ఇన్‌స్పెక్షన్, ఎవ్వరూ పార్కు ఛాయలకు రావద్దు. పిల్లల్ని గోడ వెనక్కు తోలేవాడు, ఆడవాళ్ళ చాపలు చుట్టి గదిలో పడేసి తాళం వేసేవాడు, తనే సున్నం కలుపుకుని గీతలు గీసేవాడు. లైను మీద తనిఖీకి పెద్ద సాహెబు ట్రాలీ వస్తోందంటే చేసే పని అదే. ఆయనకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, పట్టాల పక్కన గ్యాంగు అయిదుగురూ కూర్చుని అంబలి తాగుతుంటే సాహెబు దిగాడు. "ఇదా డ్యూటీ?" అని ఒక్క మాటే అన్నాడు. అయిదుగురికీ ఛార్జిషీటు వచ్చింది, పెద్ద మేటును సస్పెండు చేశారు. ఆనాటి నుంచీ అప్పలకొండకు తెలిసిన ఇన్‌స్పెక్షన్ ఒక్కటే. సాహెబు కంట పనులు పడాలి గాని మనుషులు పడకూడదు.

కానీ ఈ మేడమ్ చూడవచ్చింది మనుషుల్నే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

"ఆ మూడు రోజులూ మేమంతా గోడ వెనకాలే ఉన్నాం మేడమ్," అన్నది ప్రణీత హిందీలో. "తాతే పొమ్మన్నాడు." అని తాత మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. కోపం లేదు. ఇన్నాళ్ళు తెలియనిదేదో ఇప్పుడే తెలిసినదానిలా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.  అప్పుడు కూర్చున్నాడు అప్పలకొండ కుర్చీలో.

మేడమ్ తెరను మళ్ళీ తనవైపు తిప్పుకుంది. తర్వాత, "నేను ఇంకోసారి వస్తాను. ఏ రోజన్నది చెప్పను. మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి. వచ్చే బుధవారం ఫైలు మీటింగుకు పోతుంది. ఆలోపల అక్కడ మనుషులున్నట్టు నాకు కనపడాలి, అంతే" అన్నది.

ఇంటికొచ్చి భార్య బుజ్జమ్మకు చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

"నానప్పుడే అన్నాను కదేటి. ఆడవోళ్ళం కూకుంటే నీ పార్కు పరువేటి పోద్దయ్యా అని. మూడుసార్లూ కుక్కల్ని తోలినట్టు తోలీసినావు."

"నానేటి, కావాలని సేసినానా?"

"కావాలని సేస్తే తిట్టుకుని ఊరుకుందుము. బాగు సేద్దామని సేసినావు. దాన్నేటి తిట్టగలం."

తనది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆయనకు తెలుసు. అయినా ఆ పూటే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. ఈసారి మేడమ్ వస్తే ఎవ్వరూ కదలొద్దు, ఆడేవాళ్ళు ఆడుతూనే ఉండాలి, కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉండాలి అని చెప్పాడు. లైను మీద తనతో పనిచేసిన ఎర్రయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అదేటి మావా. ఆఫీసరొస్తే కూకోమంటావేటి? క్యారమ్ ఆడమంటావా? బుర్ర సరిగున్నాదా?"

"ఆడాల్రా. నువ్వు ఆడకపోతే పార్కు పోద్ది."

"అచ్ఛా," అన్నాడు ఎర్రయ్య. నమ్మినట్టు మాత్రం లేడు.

ప్రణీత ఆ నాలుగు రోజులూ తాతతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, అడిగితే ఊఁ అనేది. సాయంత్రం కాగానే పార్కుకు పోయి చీకటి పడేదాకా ఆడేది. ఇంక ఆ నేల మీద ఎన్ని రోజులు పరుగెడతానో అన్నట్టు పరుగెత్తేది. 

శుక్రవారం సాయంత్రం అయిదున్నర. పార్కు కిటకిటలాడిపోతోంది. ఉయ్యాలల దగ్గర పిల్లలు వరస కోసం కొట్టుకుంటున్నారు. చాపల మీద బుజ్జమ్మతో సహా ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని, కసరత్తు తక్కువా కబుర్లు ఎక్కువా చేస్తున్నారు. ఎర్రయ్య జట్టు క్యారమ్ బల్ల చుట్టూ చేరి అరుచుకుంటోంది. మధ్యలో ఖోఖో పిల్లలు దుమ్ము లేపుతున్నారు. గేటు పక్క బెంచీ మీద కూర్చుని అప్పలకొండ ఇదంతా చూశాడు. ఇంత గోల, ఇంత చెత్త, ఇంతమంది జనం. ఇప్పుడు గనక మేడమ్ వస్తే ఫోటోలో పట్టరు అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు గుండె కొంచెం కుదుటపడింది.

అప్పుడే మలుపు దగ్గర తెల్ల జీపు తిరిగింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పమంటే అప్పలకొండ చెప్పలేడు. లేచి నిలబడ్డాడు. చెయ్యి దానంతట అదే మెడ దగ్గర గుండీ పెట్టింది. రైలు చప్పుడు మీద కూడా అర మైలు దూరం వినపడే గొంతు ఆయనది. ఆ గొంతు ఆయన్ను అడక్కుండానే లేచింది.

"ఇన్‌స్పెక్షన్. ఎల్లిపోండి. ఎల్లిపోండెహె."

రెండేళ్ళు అలవాటైన గొంతు. అది వినగానే ఎవరూ ఆలోచించలేదు. నిన్నగాక మొన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మాట ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు గోడ దూకారు. ఆడవాళ్ళు కొంగులు ఎత్తిపట్టుకుని వెనక సందులోకి పరుగెత్తారు. ఎర్రయ్య క్యారమ్ బల్ల వదిలేసి, కుంటుకుంటూ వెళ్ళాడు. జీపు వచ్చి గేటు ముందు ఆగేలోపల పార్కు ఊడ్చిపెట్టినట్టయింది. అప్పలకొండ గేటు పక్కన సెల్యూట్ కొడుతూ నిలబడి ఉన్నాడు.

అప్పుడు తెలిసింది ఆయనకు, తనేం చేశాడో. చెయ్యి కిందికి దించబోయాడు. దిగలేదు.

నేల మధ్యన, ఖోఖో గడిలో, ప్రణీత ఒక్కతే కూర్చుని ఉంది. అరచేతులు నేలకు ఆనించి, ఆటలో కూర్చున్నట్టే. మిగతా ఏడు గళ్ళూ ఖాళీ. అది తాత వైపు చూడటం లేదు. ఏడుస్తోంది గాని లేవలేదు.

దేవాంగన్ మేడమ్ లోపలికి వచ్చింది. ఖాళీ ఉయ్యాలలు రెండు ఇంకా ఊగుతున్నాయి. దుమ్ము ఇంకా నేలకు దిగలేదు. గేటు నుంచి చాపల దాకా ఎక్కడ పడితే అక్కడ చెప్పులు, పిల్లలవీ పెద్దలవీ, తొడుక్కునే తీరిక లేక వదిలేసి పోయినవి. వాటిని చూస్తూ ఆవిడ నిలబడిపోయింది. 

"నన్ను చూసి పారిపోయారా? ఇంతమందా? వీళ్ళను నేనేం చేశానని?" అన్నది.

అప్పలకొండ జవాబు చెప్పాలనుకున్నాడు. ఇన్నేళ్ళు మాట్లాడిన హిందీ ఒక్క ముక్క నోటికి రాలేదు. తెలుగులోనే అన్నాడు.

"తమర్ని సూసి కాదమ్మా. నా గొంతు ఇని. నానే తోలీసినాను. ఈసారి కూడా నానే."

మేడమ్ ప్రణీత వైపు తిరిగింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, లేవకుండానే, తాత అన్నదంతా ఒక్క మాట తగ్గించకుండా హిందీలో చెప్పింది. 'ఈసారి కూడా' అన్నది రెండుసార్లు చెప్పింది.

అప్పలకొండ గోడ వైపు తిరిగి, "రండర్రా, ఏటీ లేదు, వొచ్చీయండి" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. జీపు ముందర ఆయన ఎన్నడైనా రమ్మన్నాడా, ఇప్పుడు నమ్మడానికి.

మేడమ్ ఫోను తీసింది. వంగి, చెప్పుల జతలను ఒకటొకటే ఫోటో తీస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "వీటిని ఫైల్లో పెడతాను దాదాజీ. మనుషులు లేరని ఇప్పుడెవరు రాస్తారో చూద్దాం," అన్నది. ముప్పై ఒకటి, ముప్పై రెండు. చాప అంచున ఉన్న జత దగ్గరకు వచ్చేసరికి అప్పలకొండ ముందుకు కదిలాడు.

అవి బుజ్జమ్మవి. ఆవిడ షుగరు మనిషి. పోయిన వానాకాలం కాలికి పుండు పడి వేలు తీసేశారు. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగు పెట్టవద్దని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఆ మనిషి తన కేక విని, ఉత్తకాళ్ళతో, కంకరరాళ్ళ సందులోకి పరుగెత్తింది.

ఆయన ఆ చెప్పులు రెండూ తీసి చంకలో పెట్టుకున్నాడు. లెక్క తప్పుతుందని గాని, మేడమ్ చూస్తోందని గాని ఆయనకు తోచలేదు. గేటు వైపు నడిచాడు. వెనకనుంచి మేడమ్ పిలిచింది, ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. ఆఫీసరు పిలుస్తుంటే అప్పలకొండ ఆగకుండా వెళ్ళిపోవడం అదే మొదలు. వెనక సందులోకి తిరిగి, "బుజ్జీ, ఎక్కడున్నావే, అక్కడే ఆగు, అడుగెయ్యకు" అని అరుస్తూ, నేల మీద నెత్తురు మరకలున్నాయేమోనని వెతుక్కుంటూ పోయాడు.