కనుబొమ్మలు లేని మోనాలిసా

ఇస్నాపూర్ సందులో గ్లోరియా నడిపే బ్యూటీ పార్లర్‌కి ఆడవాళ్ళు కనుబొమ్మలు తీయించుకోవడానికి వస్తారు. నిషిత మాత్రం గీయించుకోవడానికి వచ్చింది. చున్నీ నుదుటి దాకా లాక్కుని, దొంగతనం చేసినదానిలా ఓ మూల కూర్చుంది.

"ఎవలు చేసిండ్రే గిట్ల? దారంతోని తీసిండ్రా, గొడ్డలితోని నరికిండ్రా?" అంది గ్లోరియా.

"ఎవలు తియ్యలేదక్కా. వాటంతటవే రాలిపోయినయ్."

నిషితది పక్క ఊరు చిట్కుల్. మందుల ఫ్యాక్టరీలో పొడిని డ్రమ్ముల్లో నింపే పని. ఆ గదిలోకి మారినప్పటి నుంచే వెంట్రుకలు ఊడుతున్నాయి. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ఆమెకిప్పుడు మూడో నెల. ఆ సంగతి తెలిస్తే కాంట్రాక్టరు మర్నాడే గేటు దాటనివ్వడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నిరుడు ఒకటి నిలవక పోయింది. ఇదీ పోతే?

గ్లోరియా పెన్సిల్ చెక్కుతూ గోడ మీది బొమ్మ చూపించింది. "పరేషాన్ గాకు. గామెను సూడు, మోనాలిసా. ఆమెకు గూడ లేవు కనుబొమ్మలు. అయినా దునియంత సూస్తలేదా?"

నిషిత తలెత్తింది. ఎన్నిసార్లు చూసిన మొహమో. నిజమే, ఒక్క వెంట్రుక లేదు. తనలాంటిది ఇంకొకతె ఉందని ప్రాణం లేచొచ్చింది. కానీ చూపు కిందికి జారగానే ఆ సంతోషం కాస్తా పోయింది. బొమ్మలో ఆమె చేతులు ఒకదాని మీద ఒకటి, పొట్టకు అడ్డంగా ఉన్నాయి. షిఫ్టు బస్సులో నిషిత కూర్చునేదీ అట్లాగే. నువ్వూ దాస్తున్నావా తల్లీ? ఆ నవ్వు నవ్వులా లేదు, ఎవరైనా అడుగుతారేమోనని పెదాలు బిగబట్టినట్టుంది. బొమ్మలో ఆమె ఎప్పటికీ అట్లాగే కూర్చోగలదు. తన కడుపు ఆగుతుందా?

"ఇగ వద్దక్కా" అని లేచి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో టీ టైముకి పొడి నింపే గదిలోంచి బయటికొచ్చి, సూపర్‌వైజర్ విఘ్నేశ్వర్‌ని ఆపింది.

"సార్, నేను కడుపుతోని ఉన్న. పనిలకెళ్ళి తీసెయ్యకుండ్రి. ఈ పొడితోని లోపల బిడ్డకు ఏమన్న అయితదా? గదొక్కటి జెర చెప్పుండ్రి."

విఘ్నేశ్వర్ చెడ్డవాడేం కాదు. పండక్కి అందరికీ స్వీట్లు పంచుతాడు.

"ఏం గాదు చెల్లె. మందే గద, విషమా? నీ పని ఎటు పోదు, నేను మాట్లాడత" అన్నాడు.

నిషితకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళ భయం ఒక్కసారిగా దిగిపోయి, దండం పెట్టబోయి, పొడి అంటిన చేతులతోనే అతని కాళ్ళ మీదికి వంగింది.

అతను చటుక్కున వెనక్కి గెంతి గోడకి తగిలాడు.

"దగ్గరికి రాకు! ఆ బట్టలతోని ముట్టకు!" అని అరిచాడు. తర్వాత తన గొంతుకి తానే సిగ్గుపడ్డట్టు, ఆమె వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"మా ఇంట్ల ఆమె గూడ కడుపుతోని ఉన్నది."