ఆకుపచ్చ చుక్క

నేను ఒక మందుల పెట్టెను. టిఫిన్ డబ్బా అంతే ఉన్నానని చిన్నచూపు చూడకండి. నా కడుపులో సిమ్ము ఉంది, బ్యాటరీ ఉంది, పొద్దున్నే మోగే గంట ఉంది. మామూలు మందులకు లొంగని మొండి క్షయ పట్టుకున్నవాళ్ల కోసం సర్కారు నన్ను చేయించింది. గంట మోగగానే రోగి మూత తీసి మాత్రలు మింగాలి. మూత తెరుచుకుందని నేను ఆఫీసుకు కబురు పంపుతాను. అక్కడి తెర మీద ఆ రోగి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. తెరవకపోతే ఎర్ర చుక్క. నా చదువు అంతవరకే.

నాతో పుట్టిన పెట్టెలు కొన్ని సముద్రం దాటి ఆఫ్రికా వెళ్లాయి. మన దేశం పంపిన కానుకలట. ఏదో పరాయి దేశపు సభలో మా పెద్దసారు మమ్మల్ని చూపించి చప్పట్లు కొట్టించుకున్నారని స్టోరు రూములో చెప్పుకున్నారు. అబద్ధమెందుకు, ఆ రోజు నాకూ గర్వంగానే అనిపించింది.

మొదట నేను చేరింది కుట్టుపని చేసుకునే హుస్సేన్‌బీ ఇంటికి. ఆవిడ పాత చీర ముక్కతో నాకు గలీబు కుట్టి తొడిగింది. మాత్రలు మింగి, వాంతులు చేసుకుని, నన్ను తిట్టుకుంటూనే కోలుకుంది. తిరిగి ఇచ్చేసేటప్పుడు "దీని నోరు పడిపోను" అంటూ నవ్వింది. నా బతుకులో నేను చూసిన మంచి అదొక్కటే.

తర్వాత నల్లమల అంచున, పలకల గనిలో రాయి కోసే యోబు చేతికి వచ్చాను. అతని ఊపిరితిత్తులను సగం పలకల దుమ్ము తినేసింది, మిగతా సగం మీద క్షయ పడింది. నన్ను ఇచ్చిన రోజు టీబీ సూపర్‌వైజరు మస్తాన్, యోబు భార్య రాహేలుతో అన్నాడు: "అమ్మా, పైనోళ్లు ఈ పెట్టెనే చూస్తా ఉంటారు. నువ్వు మూత తీస్తే చాలు, అక్కడ తెలిసిపోద్ది."

చర్చిలో విన్న వాక్యంలాగా ఆ మాటను రాహేలు మనసులో పెట్టుకుంది. రోజూ ప్రార్థన కాగానే నేను మోగేవాణ్ని, యోబు మాత్రలు మింగేవాడు. మెల్లగా దగ్గు తగ్గింది. ఒకనాడు "ఇంకొంచెం సంగటి పెట్టవే" అన్నాడు. రాహేలు పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే మందులు ఆగిపోయాయి. మస్తాన్‌ను వేరే చోటికి మార్చారు, అతని కుర్చీలోకి ఎవరూ రాలేదు. రాహేలు ఆస్పత్రికి వెళితే, "స్టాకు రాలేదు. రాంగనే మేమే పంపిస్తాం, పో" అన్నారు.

మరి పైవాళ్లు పెట్టెను చూస్తుంటారు కదా! లోపల ఏమీ లేదని వాళ్లకూ కనపడాలని, నేను మోగిన ప్రతి పొద్దూ రాహేలు నా మూత తీసి, నా ఖాళీ కడుపును కాసేపు ఆకాశం వైపు చూపించి, మళ్లీ మూసేది. నేను నాకు తెలిసిన ముక్కే పంపేవాణ్ని: తెరిచారు. ఆకుపచ్చ చుక్క. కొన్నాళ్లకు కొద్దిగా స్టాకు వచ్చింది. ఆస్పత్రివాళ్లు దాన్ని పట్టుకుని ఎర్ర చుక్కల ఇళ్లకు ముందు పరుగెత్తారు. యోబుకేం, పచ్చగా ఉన్నాడు! గంట మోగించే నోరు ఇచ్చి, ఒక్క మాట కూడా నేర్పనివాళ్లను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

యోబుకు దగ్గు తిరగబెట్టింది. నెత్తురు పడింది. "మూత తీశావా?" అని అడిగేవాడు.

"తీశాలే. చూస్తానే ఉంటారు" అనేది రాహేలు.

ఆ నమ్మకంతోనే పోయాడు. సమాధి చేసి వచ్చిన మర్నాడు కూడా నేను మోగాను. ఆమె అలవాటుగా లేచి తెరిచింది.

ఆ వారమే ఊళ్లోకి కార్లు వచ్చాయి. ఒక్క రోజు కూడా తప్పకుండా మందు వేసుకున్న రోగి అట, విదేశీ బృందానికి చూపించాలట. మా పెద్దసారు శాలువా పట్టుకుని గుమ్మంలో నిలబడి "యోబు ఏడమ్మా?" అన్నారు. రాహేలు నన్ను తెచ్చి ఆయన ముందు మూత తీసింది.

"రోజూ తెరిచి చూపిస్తానే ఉంటి గదా సార్. మీకు కనపడలా?"

రాహేలు ఏమంటోందని పక్కనున్న దొరసాని అడిగింది. సారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. దొరసాని తలూపి, రాహేలుకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టింది. శాలువా మళ్లీ కారెక్కింది.

నన్ను స్పిరిటుతో తుడిచి, నా మీది పేరు గీకేసి, కొత్త పేరు అంటించారు. ఊరు మార్చే పని పడలేదు. ఇల్లు మార్చే పనీ పడలేదు. భర్తను చంపిన జబ్బే రాహేలుకూ అంటుకుంది.

ఇప్పుడు నాలో మందులున్నాయి, ఈ నెలకు. వచ్చే నెల సంగతి అడిగితే "వస్తాయిలేమ్మా" అన్నారు. పొద్దున్నే మోగుతాను. రాహేలు మూత తీసి, మాత్రలు మింగి, అడుగున ఎన్ని మిగిలాయో చూసుకుని మూసేస్తుంది. పైకి చూపించడం మాత్రం మానేసింది.