ఎవరూ ఎక్కని బండి

దారి అడగడమనే పని నేను నా జన్మలో చెయ్యలేదు. మన దేశంలోనే కాదు, పరాయి దేశంలో కూడా. మా ఆవిడనీ, మా బామ్మర్దినీ వెంటబెట్టుకుని, మనిషి అలికిడి లేని కొండల్లో, ఎవరినీ నోరు తెరిచి అడక్కుండా సరస్సు దగ్గరికి తీసుకుపోయిన ఘనత నాది.

ముందు ఆ సరస్సు సంగతి చెప్పాలి. మా వంటింట్లో పొయ్యి పైన ఒక క్యాలెండరు బొమ్మ ఉండేది. ఎప్పుడో మందుల షాపు వాళ్ళిచ్చింది. ఏడాది అయిపోయాక మా ఆవిడ తేదీలు చింపేసి బొమ్మ ఉంచుకుంది. నీలం నీళ్ళు, వెనక తెల్లటి కొండ, ఒడ్డున ఒక పడవ, అడుగున సన్నటి అక్షరాల్లో సరస్సు పేరు. తాలింపు చిటపటలు పడీ పడీ కొండకి అమ్మవారు పోసినట్టయింది. అయినా తియ్యనివ్వదు. "ఆ నీళ్ళ దగ్గరికి ఒక్కసారి పోవాలండీ" అనేది, గరిటె తిప్పుతూ.

మా బామ్మర్ది కోరిక వేరు. వాడు పదవీ విరమణ దాకా బస్సు తోలాడు. "ఎవరూ ఎక్కని బండి ఒక్కసారి తోలాలి బావా. చెయ్యెత్తేవాడు ఉండకూడదు, ఇక్కడాపు అనేవాడు ఉండకూడదు" అనేవాడు. ఇద్దరి కోరికలూ కలిపి, జనమంతా చూసి తిరిగొచ్చేసిన కాలంలో మేం బయల్దేరాం. వాడు అద్దె కారు స్టీరింగు పట్టుకున్నాడు, నేను పటం పట్టుకున్నాను.

ఆ కాలంలో ఆ దేశం పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిల్లులా ఉంది. హోటళ్ళకి తలుపులు బిగించేశారు. ఐస్‌క్రీం బండికి పట్టా కప్పేశారు. కొండ వాలంతా రాగి రంగు ఆకులు, వాటిని చూడ్డానికి మేమూ గొర్రెలూ తప్ప ఎవరూ లేరు.

పొద్దున పెట్రోలు పోసినతను కొండ పైకి చూపించాడు. చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయినట్టు నటించి, లేచి, రెండు చేతులూ అడ్డంగా పెట్టాడు. అందరికన్నా ముందు మా ఆవిడకి అర్థమైంది.

"తెల్లారితే మంచుకి పైదారి మూసేస్తారట. ఇవాళ చేరకపోతే ఇంక లేనట్టేనండీ."

కొండ ఎక్కగానే ఫోనుకి సిగ్నల్ పోయింది. భారమంతా నా పటం మీద పడింది. దాన్ని పొందికగా మడిచి ఒళ్ళో పెట్టుకుని, చీలిక దగ్గర "ఎడమకి" అన్నాను. ఆ దారి ఎవరిదో పాకలోకి పోయి ఆగింది. వెనక్కొచ్చి "కుడికి" అన్నాను. అది గొర్రెల దొడ్డి. ఒక గొర్రె అద్దం దగ్గరికొచ్చి నా మొహంలోకి తేరిపార చూసింది.

"దాన్నైనా అడుగు బావా."

"నోర్ముయ్యరా. దారి నాకు తెలుసు."

"తెలిసే దొడ్లోకి తెచ్చావా?"

వెనక సీట్లో మా ఆవిడ శాలువా కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు. ఊరుకుంటేనే భయం.

మా బామ్మర్దికి ఒక జబ్బుంది. బస్సు షెల్టరు కనిపిస్తే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. పొద్దుట్నుంచీ ప్రతి ఖాళీ షెల్టరు దగ్గరా బండి నెమ్మదించడం, నేను "దిగేవాళ్ళున్నారా?" అని వెక్కిరించడం జరుగుతూనే ఉంది. దొడ్డి నుంచి వెనక్కొస్తుంటే కొండ వంపులో ఇంకో షెల్టరు వచ్చింది. బండి ఆగింది. ఈసారి అందులో మనిషుంది.

పొడుగు కోటు, రబ్బరు బూట్లు, గడ్డపలుగంత గొడుగు. మా ఆవిడ వయసే ఉంటుంది. దర్జాగా తలుపు తీసుకుని మా ఆవిడ పక్కన కూర్చుని, గొడుగు పిడితో మా బామ్మర్ది వీపు మీద తట్టింది, పోనిమ్మని. వాడు పోనిచ్చేశాడు.

"ఎవర్రా ఈవిడ?"

"ఎక్కింది బావా. ఎక్కినమ్మని దించేస్తామా?"

"ఎవరూ ఎక్కని బండి తోలతానన్నావుగా?"

వాడు అద్దం సర్దుకున్నాడు. వాడి మొహం అంత వెలిగిపోవడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

మా ఆవిడ చేతిసంచిలోంచి క్యాలెండరు బొమ్మ బయటికి తీసింది. పొయ్యి మీంచి ఊడదీసి తెచ్చిందని నాకే తెలీదు. గొడుగావిడ దాన్ని చూసి, వాసన చూసి, నవ్వి, తన గుండె మీద తట్టుకుంది. తర్వాత మా బామ్మర్ది ఎడమ భుజం మీద తట్టింది. వాడు ఎడమకి తిప్పాడు. అక్కణ్ణుంచి ఎడమ భుజమైతే ఎడమకి, కుడి భుజమైతే కుడికి. నేను మెల్లిగా పటం విప్పాను. సరస్సు కాగితానికి వెనక వైపు ఉంది. మడతలో అటు పోయింది. ఎవరూ చూడకముందే మళ్ళీ మడిచేశాను. నోరు తెరిచి దారి అడగలేదన్నానే, ఆ తర్వాత తెరవడానికి మొహం చెల్లలేదు.

మలుపులెలాంటివంటే, కింద మలుపులో వదిలిన మా కారు పొగ పై మలుపులో మాకే ఎదురొచ్చింది.

గొడుగావిడది సరస్సు ఒడ్డునే హోటలు. మూసేసుకుంది. హాల్లో కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి, సోఫాలకి దుప్పట్లు కప్పి ఉన్నాయి. మా కోసం కుర్చీలు దింపి, వేడి పాలిచ్చి, కిటికీ చెక్కలు తీసింది. బయటంతా తెలుపే. పొగమంచు. కొండ లేదు, సరస్సూ లేదు. మా ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయింది.

అప్పుడు మా బామ్మర్ది బయటికి పోయి, చివరి బస్సు కదిలేముందు కొట్టినట్టు హారన్ కొట్టాడు. ఆ మోతకి మంచు ఉలిక్కిపడి లేచిపోయింది. తెల్లటి కొండ, మరక్కూడా లేదు. నీలం నీళ్ళు. పడవ.

ఇక్కడ ఆపేస్తే బాగుండును. కానీ అచ్చయ్యాక మా ఆవిడ చదువుతుంది.

హారన్ ముక్క నేను కల్పించాను. మంచు కదల్లేదు. మా ఆవిడే గొడుగావిడ చెయ్యి పట్టుకుని ఒడ్డుకి దిగింది. చెప్పులు విడిచి నీళ్ళలో పాదాలు పెట్టింది. కనిపించిన సరస్సు మా పెరట్లో తొట్టెడు.

"ఇంత దూరమొచ్చీ చూడలేకపోయావే" అన్నాను.

"చూడ్డానికి వంటింట్లో రోజూ చూస్తూనే ఉన్నాగా. ఇంత చల్లగా ఉంటాయని బొమ్మలో ఉందా?" అంది, పాదాలు తియ్యకుండానే.

మిగతాదంతా నిజం. కారు పొగ సంగతి మీ ఇష్టం. గొర్రె చూపు మాత్రం ముమ్మాటికీ నిజం.