పద్నాలుగు చాయ్ గిన్నెలు

"బుర్ర తక్కువైనా మా కోడలి చెయ్యి మంచిది, వదినగారూ" అంది వియ్యపురాలు, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్కని మీగడలో అద్దుకుంటూ.

అందరూ నవ్వారు. కూతురి అత్తారింట్లో, గుమ్మానికి ఎదురుగా, అతిథుల గౌరవస్థానంలో కూర్చున్న బురుల్చా నవ్వలేకపోయింది. ఆ 'బుర్ర తక్కువ' మాట వియ్యపురాలి సొంతం కాదు. ఏడేళ్ళ కిందట లెక్క తప్పు చేసిన కూతుర్ని వెనక బెంచీకి పంపుతూ, క్లాసంతా వింటుండగా లెక్కల టీచరుగా తనే అన్నది. సొంత కూతుర్ని వెనకేసుకొచ్చిందని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా! ఇంట్లో మొగుడు "ఆడపిల్లకి లెక్కలెందుకు, చాయ్ పోయడం వస్తే చాలదూ" అంటే కాదనలేదు. సంబంధం మాట్లాడ్డానికొచ్చిన వీళ్ళకీ వినయంగా అదే మాట అప్పజెప్పింది. తెలివి పుట్టుకతో రావాల్సిందేనని ఇరవై రెండేళ్ళ టీచరు ఉద్యోగంలో నమ్ముతూ వచ్చింది మరి.

మొన్న నారిన్‌లో టీచర్ల శిక్షణలో, కూతురి వయసున్న ఒకమ్మాయి చెప్పింది. మెదడు పుట్టినట్టే ఉండిపోదట, తప్పు చేసి మళ్ళీ ప్రయత్నించిన కొద్దీ పదునెక్కుతుందట. పక్కవాళ్ళు గబగబా రాసుకుంటున్నారు. బురుల్చా కలం కదల్లేదు. వెనక బెంచీ మొహాలన్నీ గుర్తొచ్చాయి, అన్నిటికంటే ముందు కూతురు సైకాల్ మొహం.

ఆ సైకాల్ ఇప్పుడు గుమ్మం పక్కన, నీళ్ళు మరిగే సమోవర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వాళ్ళ పద్ధతిలో అతిథికి గిన్నె నిండా పోస్తే ఇక వెళ్ళమన్నట్టే, అందుకే సగం సగమే పోస్తోంది. ఒకేలాంటి గిన్నెలు పద్నాలుగు, చేతులు మారుతూ వచ్చి పోతున్నాయి. ఏది ఎవరిదో, ఎవరికి ఉప్పు, ఎవరికి పాలెక్కువ, ఒక్కటీ తప్పలేదు. మనసులో తనూ లెక్కపెట్టబోయి, ఎనిమిదో గిన్నె దగ్గర బురుల్చా తప్పింది.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, కూతురి చేతిలోని చాయ్ కూజా అందుకుంది. అతిథిగా వచ్చిన పిల్ల తల్లి చాయ్ పోయడమేమిటని అందరూ తలలు తిప్పి చూశారు.

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీకు బుర్ర లేదన్నది నేను. తప్పుగా అన్నాను. రేపటి నుంచి నా క్లాసులో వెనక బెంచీ ఉండదు. బుర్ర ఎవరికైనా పదునెక్కుతుందని పిల్లలందరికీ చెప్తాను."

సైకాల్ ఖాళీ గిన్నె తుడిచి పక్కన పెట్టింది.

"ముందు ఆడపిల్లలకి చెప్పమ్మా" అంది మెల్లగా. "పెళ్ళిళ్ళు కాకముందే."

తల్లి చేతిలోంచి కూజా తీసుకుని, మామగారి గిన్నెలో సగం పోసింది.