తొట్టి పాచిలో నూనె

మా ఇంట్లో ఎవరి చేతులూ ఊరుకోవు. శాలిబండలో మాది పాల వ్యాపారం. మా అమ్మ వరమ్మ కవ్వం పట్టిందంటే గోడ మీది క్యాలెండరు కూడా ఊగుతుంది. ఆ చేతులే నాకూ వచ్చాయి, అవే నా కొంప ముంచబోయాయి.

మా బర్రెల నీళ్ల తొట్టిలో పేరుకునే పచ్చపాచిని తెచ్చి కాలేజీ ల్యాబ్‌లో నలభై రోజులు పెంచాను. ఆరబెట్టి నూరితే పది గ్రాముల పొడి వచ్చింది. "తొట్టి పాచిలో నూనేముంటుందమ్మా యశోదా?" అని మా ఆనందరావు సార్ నవ్వారు. ఒకటిన్నర గ్రాములైనా తీసి చూపిస్తేనే ఈ అంశం మీద నాకు పరిశోధన. లేకపోతే సోమవారం నుంచి ఆయన చెప్పిన పని చేసుకోవాలి. గడువు ఈ సాయంత్రమే, నా దగ్గర మరో చిటికెడు పొడి లేదు.

నిన్నటి నుంచి పొడిని క్లోరోఫాం, మిథనాల్ కలిపిన ద్రవంలో నానబెట్టాను. పాచిలోని నూనె అందులోకి దిగుతుంది. పొద్దున వడగట్టి, కింద కుళాయి ఉన్న గాజు గరాటులో పోసి నీళ్లు కలిపాను. ఇక నెమ్మదిగా రెండుసార్లు తిప్పి నిలబెడితే చాలు. నూనెను పట్టుకున్న బరువైన క్లోరోఫాం కిందికి దిగుతుంది, మిథనాల్, నీళ్లు పైన నిలుస్తాయి. నేనేమో మూత బిగించి మజ్జిగ చిలికినట్టు చిలికేశాను.

గరాటు నిండా పచ్చటి నురగ ముద్ద. కింది పొర లేదు, పై పొర లేదు. అరగంట చూసినా కదల్లేదు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది, మళ్లీ ఊపుదామని చెయ్యి వేశాను.

"ఆగు బిడ్డా," అన్నాడు ల్యాబ్ అటెండర్ వైకుంఠం. "ఏంది, వెన్న తీస్తున్నవా? గట్ల ఊపితే నూనె నీళ్లల్ల చిక్కుకుంటది. ఉప్పునీళ్లు పొయ్యి. పోసినంక చేతులు ఎనకకు కట్టుకో."

"విడిపోతదా కాకా?"

"ఫికర్ చెయ్యకు. నువ్వు ముట్టుకోకుంటే విడిపోతది."

పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. పావుగంటకు ముద్ద మధ్యలో సన్నటి గీత పడింది. గీత కింద ముదురుపచ్చ, పైన తేట నీళ్లు. కుళాయి తిప్పి కింది పొరను ఫ్లాస్కులోకి వదిలి, క్లోరోఫాంను ఆవిరి చేశాను. అడుగున జిడ్డుగా, నల్లపచ్చగా ఏదో మిగిలింది. తూకం వైకుంఠం చదివాడు: ఒకటి పాయింటు తొమ్మిది.

సార్ వచ్చి స్వయంగా మళ్లీ తూచారు. ఫ్లాస్కు బరువు తీసేశావా అని రెండుసార్లు అడిగారు. "ఇందులో పాచి రంగు కూడా కొంత ఉంది. అది పోయినా నీ ఒకటిన్నరకు ఢోకా లేదు," అని అక్కడే నిలబడి నా దరఖాస్తు మీద సంతకం పెట్టారు. ఎగిరి గంతేయాలనిపించింది, పక్కన గాజు సామాను ఉండి బతికిపోయింది ల్యాబ్.

వరండాలోకి ఉరికి అమ్మకు ఫోన్ చేశాను.

"పదింట్ల రెండంటే, వందకు ఇరవయ్యా?" అంది అమ్మ. "మన బర్రె పాలల్ల వెన్న వందకు ఏడే వస్తది కదనే. మరి గిన్నేండ్ల సంది మేము ఉత్తగనే బర్రెలను మేపినమా?"