శుక్రవారం తెలియని గేటు

బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్ విభాగం చూసే రాజ్యశ్రీకి ఆ సోమవారం ఒకటే పని. హెడ్డాఫీసు పంపిన కొత్త నియమాల ఫైలు మూడు గేట్లకూ అర్థమవుతుందో లేదో చూసి చెప్పాలి. ఒక్కో గేటు యంత్రంలో పాలసీ ఇంజన్ అనే ప్రోగ్రాం ఉంటుంది. ఎవరైనా కార్డు చూపిస్తే, రాసి ఉన్న నియమాలు చదువుకుని, గేటు తీయాలో వద్దో అదే తేలుస్తుంది.

రెండు గేట్లలో కొత్త వెర్షనే ఉంది. మూడో గేటుది మాత్రం బాగా పాతది. ఆ వెర్షన్‌కు ఏమేం చేతనవునో చెప్పే జాబితా తెరిచి, ఫైలులోని ఒక్కో వరుసనూ దానితో సరిచూసుకుంటూ వచ్చిన రాజ్యశ్రీ ఒకచోట ఆగిపోయింది. 'పసుపు కార్డు వాళ్ళకు శుక్రవారం మాత్రమే ప్రవేశం.' ఇవాళ తేదీ ఎంతో పాత ఇంజన్‌కు తెలుసు. ఏ వారమో తెలుసుకోవడం మాత్రం దానికి రాదు. రాని పని ఒక్కటున్నా అది ఫైలు మొత్తాన్నీ తిప్పికొడుతుంది.

పసుపు కార్డులు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆకుకూరలు, చింతపండు తెచ్చి క్వార్టర్లలో అమ్ముకునే ఆడవాళ్ళవి.

"కొత్త మెషిన్ వానలయ్యాక వస్తుంది. అందాకా వాళ్ళని మెయిన్ గేటు నుంచి రమ్మను," అన్నాడు సంగతి విన్న పై అధికారి దేవేంద్ర, హిందీలో.

"అది చాలా చుట్టు సార్. నెత్తిమీద గంపలుంటాయి."

"సపోర్ట్ లేనిదానికి మనమేం చేస్తాం? అదే రాసి పంపించు."

ఆమె రాయలేదు. కార్డుల పట్టిక తెరిచి చూసింది. నాలుగో పేరు దేవే. వయసు సుమారు డెబ్బై.

రాజ్యశ్రీ నాన్న అప్పలకొండ శ్రీకాకుళం నుంచి వచ్చి, రిటైరయ్యేదాకా ఆ మూడో గేటు దగ్గరే కాపలా కాశాడు. బడి వదలగానే ఆమె వెళ్ళి ఆయన స్టూలు మీద కూర్చునేది. దేవే పుట్టిల్లు తెలుగు సరిహద్దు దగ్గరి ఉసూర్ వైపు కావడంతో తెలుగు మాట్లాడేది. ఎండాకాలంలో ఆకు దొన్నెలో తునికి పళ్ళు తెచ్చి చేతిలో పెట్టేది. ఒక వానాకాలం బడి దారిలో వాగు పొంగితే, గంప గట్టు మీద వదిలేసి, చిన్న రాజ్యశ్రీని భుజానికెత్తుకుని నడుం లోతు నీళ్ళలో దాటించింది. వెనక్కి వెళ్ళేసరికి గంప కొట్టుకుపోయింది. "పోతే పోనీ, పిల్ల ఉంది గదా," అంది. ఆ తడిసిన చీర వాసన, దానికి పట్టిన ఎండు ఇప్పపువ్వు వాసన కలిసి ఇప్పటికీ గుర్తే. ఉద్యోగం మీద తిరిగి ఈ ఊరే వచ్చి రెండేళ్ళయినా, రాజ్యశ్రీ ఒక్కసారీ ఆ గేటు వైపు వెళ్ళలేదు.

రిటైరై శ్రీకాకుళం వెళ్ళిపోయిన నాన్న ఈమధ్యే ఆమె క్వార్టరుకు వచ్చి ఉంటున్నాడు. ఇంటికి ఫోన్ చేసింది. "నాన్నా, శుక్రవారం వాళ్ళని నువ్వెలా లోపలికి పంపించేవాడివి?"

"ఎలాగేటి? ఏడాది మొదట్లో ఆపీసోళ్ళు తేదీలు రాసిన కాయితం ఇచ్చీవోరు. గోడకి అంటించీసి సూసుకునీవోణ్ణి. తరవాత అదీ మానీసినాను. దేవే వొచ్చిందంటే సుక్రోరమే గదా!"

రాజ్యశ్రీ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే జాబితా మళ్ళీ చూసింది. ఒక తేదీ ఒక పట్టికలో ఉందో లేదో చూడటం పాత ఇంజన్‌కు వచ్చు!

వారం మాట తీసేసి, ఈ ఏడాది మిగిలిన శుక్రవారాల తేదీలన్నీ పట్టికగా ఇచ్చింది. ఫైలును పాత వెర్షన్ మీద నడిపించింది. తిప్పికొట్టలేదు. శుక్రవారం తేదీ ఇస్తే తీయమంది, శనివారానికి వద్దంది. దేవేంద్ర రెండుసార్లు తనే పరీక్షించుకుని, "సరే, పెట్టు," అన్నాడు.

శుక్రవారం పొద్దున రాజ్యశ్రీ మూడో గేటు దగ్గర నిలబడింది. ఆడవాళ్ళ వరుసలో దేవే కనిపించింది. ఒళ్ళు బాగా వంగిపోయింది. కార్డు తిరగేసి పెడితే రాజ్యశ్రీ సరిచేసింది. గేటు తెరుచుకుంది.

"ఇదేంది, ఏం అడగదు? కొండన్న అయితే 'తిన్నవా' అని అడిగేటోడు," అంది దేవే. తర్వాత రాజ్యశ్రీ మొహంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు... కొండన్న బిడ్డవు గదా?"

రాజ్యశ్రీ అవునన్నట్టు తలూపింది.

"మీ అయ్య ఉన్నడా?"

"ఇంట్లోనే ఉన్నాడు. రా, తీసుకెళ్తాను."

గంప ఒక పక్క తను పట్టుకుంది. క్వార్టరు మెట్ల మీద పేపరు చదువుతున్న అప్పలకొండ, దేవేని చూసి గబగబా లేచాడు.

"ఏటే, తిన్నావా?"

"ఏడ తిన్న? నీ బిడ్డ నన్ను నిలబడనిస్తేగా!"

ఆయన లోపలికెళ్ళి చద్దన్నం, ఉల్లిపాయ తెచ్చాడు. ఎవరెవరు బతికున్నారో, ఎవరు పోయారో చెప్పుకుంటూ ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. రాజ్యశ్రీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ పూటకు సెలవు పెట్టి, వాళ్ళ కింది మెట్టు మీద కూర్చుంది.