కెనెషెయ్ దొర గడ్డం

"నా పటంలో ఆ గడ్డం తీసెయ్, బెర్తలాన్. ఆదివారం ఆస్ట్రియా అధికారి మనింటికి భోజనానికొస్తున్నాడు," అన్నాడు కెనెషెయ్ దొర, నున్నగా గొరిగించుకున్న దవడ తడుముకుంటూ.

చిత్రకారుడు బెర్తలాన్‌కి ఒళ్ళు మండింది. ఆస్ట్రియా మీద తిరగబడ్డ రోజుల్లో హంగరీలో మగాడన్న ప్రతివాడూ పెంచిన గడ్డమది. తిరుగుబాటు అణిగిపోయాక బెర్తలాన్ తమ్ముడు ఆ గడ్డంతోనే ఉరికంబం ఎక్కాడు.

"గీసేటప్పుడు ఇంకాస్త పొడుగు పెట్టమని నా ప్రాణం తోడేశారు కదండీ?"

"అప్పటి గాలి వేరయ్యా."

బెర్తలాన్ కత్తితో రంగు గీకేశాడు. గడ్డం పోయినచోట ఉత్త గుడ్డ బయటపడింది.

"ఇదేమిటి? నా ముఖమేది?"

"అధికారికి ఇదే చూపించండి దొరా. గడ్డం వెనక మనిషున్నాడని నమ్మి మేం మోసపోయాం. ఆయనైనా మోసపోకూడదు."